హమ్మస్‌లోకి ఏ ఎల్లిగడ్డ?

దేవరకొండ నుంచి డాలస్‌కు కొత్తగా వచ్చిన ఒక చెల్లె, ఉడికిన శనగలు, నువ్వుల ముద్ద కలిపి రుబ్బే హమ్మస్ అనే డిప్ (రొట్టె ముంచుకు తినేది) చేసి అడిగింది: "అక్కా, హమ్మస్‌లో మన చేతి లెక్కన ఆరు ఎల్లిగడ్డ రెబ్బలు వేశాను. నోట్లో పెట్టుకోలేకపోయాం. ఇక్కడి ఎల్లిగడ్డే అంతనా?"

గడ్డ తప్పేం లేదు చెల్లె, లెక్క తప్పింది. అచ్చంపేటలో మా అమ్మ వలిచే రెబ్బ చిటికెన వేలి గోరంత. ఇక్కడిది బొటనవేలంత. 15 ఔన్సుల శనగల డబ్బాకు ఒక్క రెబ్బ చాలు. నేనూ కొత్తలో ఆఫీసు పాట్‌లక్‌కు (తలా ఒక వంట తెచ్చుకునే విందుకు) నాలుగు వేసి తీసుకెళ్లాను. గిన్నె ఎట్లా పోయిందో అట్లే ఇంటికొచ్చింది!

ఎల్లిగడ్డ కారంలో ఎండుమిర్చి, ఉప్పు ఉంటాయి, పక్కన వేడి జొన్నరొట్టె ఉంటుంది. అక్కడ ఘాటు చెల్లిపోతుంది. హమ్మస్‌లోనేమో శనగలు, నువ్వుల ముద్ద రెండూ చప్పటివి, పోపు కూడా ఉండదు. పచ్చి రెబ్బ నలిగినప్పుడే ఘాటు పుడుతుంది, పులుపు తగిలితే అక్కడే తగ్గుతుంది. అందుకే ముందు రెబ్బను నిమ్మరసంతో కలిపే మిక్సీలో తిప్పి, పది నిమిషాలు ఆగి, తర్వాత శనగలు వెయ్యి.

కొనేటప్పుడు గడ్డను నొక్కి చూడు, గట్టిగా ఉండాలి. మొలక వస్తే రెబ్బను నిలువుగా చీల్చి ఆ పచ్చటి పోగు తీసెయ్యి. తరిగి సీసాలో అమ్మేదాని జోలికి పోకు. ఎలిఫెంట్ గార్లిక్ అని గుప్పెడంత గడ్డ కనిపిస్తుంది. అది అసలు ఎల్లిగడ్డే కాదు, ఉల్లికాడల్లాంటి లీక్స్ జాతి. చప్పగా ఉంటుంది, పిల్లలకైతే సరే.

బొబ్బర్లతో డిప్ చేస్తే మాత్రం కాల్చిందే వెయ్యి. బాలింతలకు నిప్పుల్లో కాల్చి పెట్టేవాళ్లు కదా, అదే రుచి. గడ్డ పైభాగం కోసి, నూనె చుక్క వేసి, ఫాయిల్‌లో చుట్టి ఓవెన్‌లో 400 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో 40 నిమిషాలు పెట్టు. తియ్యగా, వెన్నలా అవుతుంది. నాలుగైదు రెబ్బలు వేసినా భయం లేదు.

మిగిలింది నూనెలో వేసి, ఆవకాయలాగే ఆగుతుందిలే అని గట్టు మీద పెట్టకు. ఆవకాయను కాపాడేది ఉప్పు, పులుపు. ఉత్త నూనెలో ఎల్లిగడ్డ బయట ఉంటే బొటులిజం విషం పుట్టవచ్చు, వాసనకు కూడా తెలియదు. ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో వాడెయ్యి.

పచ్చిది వేసిన హమ్మస్ మాత్రం రాత్రి ఫ్రిజ్‌లో ఉంటే పొద్దునకు ఇంకా ఘాటెక్కుతుంది. పార్టీ రేపైతే అర రెబ్బే వెయ్యి.