లిస్టు అడిగావు కానీ...

అమ్మలూ,

మీవాడు పుస్తకం ముట్టుకోవడం లేదని, పెద్దది ఫోన్ వదలడం లేదని, మంచి పుస్తకాల లిస్టు పంపమని అడిగావు. పంపను, ఏమనుకోకు. ఇన్నేళ్లు లైబ్రరీలో పనిచేసినదాన్ని, పెద్దవాళ్లు లిస్టు పట్టుకుని వచ్చి తీసుకెళ్లిన పుస్తకాలు చాలావరకు ఒక్క పేజీ కూడా నలగకుండా తిరిగొచ్చేవి.

ముందసలు పుస్తకాల మాటే ఎత్తకు. "నీకెలాంటి పుస్తకాలు ఇష్టం?" అంటే చదవని పిల్లాడు ఏం చెబుతాడు, "తెలీదు" అంటాడు. ఏ సినిమా మళ్లీ మళ్లీ చూశాడో, అందులో ఏ సీను నచ్చిందో అడుగు. ఒకే దెయ్యం సినిమా ఇద్దరికీ నచ్చుతుంది, ఒకడికి ఆ భయం కావాలి, ఇంకొకడికి దాని వెనక ఎవరున్నారో కనిపెట్టడం కావాలి. రెండోవాడికి దెయ్యం కథ ఇస్తే పక్కన పడేస్తాడు, డిటెక్టివ్ కథ ఇచ్చి చూడు.

అన్నట్టు, కథలే చదవాలని రూలేమీ లేదు. డ్యూయీ పద్ధతిలో, అంటే ఒక్కో విషయానికి ఒక్కో నంబరు వేసి పుస్తకాలు సర్దిన లైబ్రరీ అయితే డైనోసార్లు 567.9 దగ్గర, ఆటలు 796లో, మ్యాజిక్ 793.8లో, కామిక్స్ 741.5లో ఉంటాయి. నంబరు చెప్పి వాణ్ని ఆ అల్మారా దగ్గర వదిలెయ్, నువ్వు మాత్రం దూరంగా కూర్చో. బొమ్మల పుస్తకం తెచ్చుకుంటే "ఇది చదవడమా" అని మాత్రం అనకు. బొమ్మనీ మాటనీ కలిపి అర్థం చేసుకోవడం కూడా చదవడమే.

కష్టంగా ఉంటుందేమో అని డౌటొస్తే మధ్యలో ఒక పేజీ తీసి చదవమను, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు మడవమను, పేజీ అయ్యేలోపే ఐదూ మడిచేశాడంటే ప్రస్తుతానికి అది బరువే. కానీ పిచ్చి ఇష్టమున్న విషయమైతే ఈ లెక్క పనిచేయదు, నాలుక తిరగని డైనోసార్ పేర్లన్నీ గడగడా చెప్పేస్తారు! అట్ట మీద 9–12 ఏళ్లు అని వేసేది కూడా అంచనాయే. పిల్లలకి సాధారణంగా తమకంటే ఒకటి రెండేళ్లు పెద్దవాళ్ల కథలే ఎక్కువ నచ్చుతాయి.

నచ్చకపోతే మధ్యలో వదిలేయనివ్వు. నచ్చితే మాత్రం అదే సిరీస్‌లో రెండోది వెంటనే అందేలా చూడు, మనుషులు ముందే పరిచయం కాబట్టి ఆ మొదటి పేజీల బద్ధకం ఉండదు. రాత్రిపూట నువ్వు చదివి వినిపించడం కూడా మానకు. సొంతంగా చదవలేని కథని కూడా ఆ వయసులో విని అర్థం చేసుకోగలరు. మంచి పట్టులో ఆపేసి లైటు తీసెయ్, పుస్తకం మాత్రం మంచం పక్కనే పెట్టు.

పెద్దదానితో జాగ్రత్త. టీనేజ్ పిల్లలకి అమ్మ మెచ్చుకున్న పుస్తకమంటేనే అనుమానం, అందులోనూ "మంచి నీతి ఉంది" అన్నావా, ఇక దాని జోలికి వెళ్లదు. మూడు నాలుగు వేరువేరు రకాలు తెచ్చి టేబుల్ మీద పడేసి ఊరుకో, ఎంతవరకు చదివావని రోజూ ఆరా తీయకు. స్నేహితురాలు చదువుతున్నదేదో తెలిస్తే అది తెప్పించు, నీకు నచ్చకపోయినా సరే. ఫోన్‌లో ఏం చేస్తోందో కూడా ఒకసారి నెమ్మదిగా కనుక్కో, కథలే చదువుతోందేమో, అదే నిజమైతే నీ టెన్షన్ సగం అనవసరం.

ఇద్దరికీ ఏ సీన్లు నచ్చాయో కనుక్కుని రాయి, అప్పుడు పేర్లు చెబుతాను.

మీ పిన్ని