స్నేహితురాలి ఇంట్లో కుందేలు: ఆమె నొచ్చుకోకుండా చెప్పేదెలా?

ప్రశ్న: కూతురు ముచ్చటపడిందని నా స్నేహితురాలు కుందేలు పిల్లను తెచ్చుకుని ఆర్నెల్లయింది. చిన్న ఇనుప జాలీ బోనులో ఒంటరిగా ఉంటుంది. రోజూ క్యారెట్లు, బిస్కెట్లే మేత. ఓసారి ‘పాపం, కదలడానికైనా చోటు లేదే’ అంటే, ‘ప్రాణంలా చూసుకుంటున్నాం, మాకు తెలీదా’ అని ముఖం ముడుచుకుంది. మళ్లీ ఆ మాటెత్తాలంటే భయం. చూస్తూ ఊరుకోవాలంటే మనసొప్పడం లేదు. ఏం చేయను?

జవాబు: ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. కుందేలంటే క్యారెట్టేనని బొమ్మల్లో చూసి పెరిగినవాళ్లమే మనమంతా. తెలిసినంతలో ఆమె బాగానే చూస్తోంది. మీరు ‘పాపం’ అన్నారు, ఆమెకది నేరారోపణలా వినిపించింది. ఈసారి జాలిని గుమ్మం బయటే వదిలి వెళ్లండి. వెళ్లగానే బోనువైపు చూడటం కూడా మానండి, అలాంటివి ఇంటివాళ్లు ఇట్టే పసిగడతారు.

ముందుగా ఒక్క సంగతి. కుందేలు ఒక పూటంతా మేత ముట్టకపోయినా, పెంటికలు వేయడం ఆగిపోయినా మొహమాటాలేవీ పెట్టుకోవద్దు. పేగుల్లో కదలిక ఆగిపోతే ఒక్క రోజులోనే ప్రాణం మీదికి రావచ్చు. పైగా అది నొప్పిని బయటపడనివ్వదు, మూలన ముడుచుకుని కూర్చుంటుంది, అంతే. అప్పుడు ‘పద, డాక్టర్ దగ్గరికి’ అని లేవదీయండి. ఆమె కోపం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మిగతావి మెల్లగా మార్చుకోవచ్చు. అన్నీ ఒకేసారి చెప్పారంటే ఒక్కటీ చెవికెక్కదు. మేతతో మొదలుపెట్టండి, ఎందుకంటే అన్నిటికన్నా ముఖ్యమూ అదే, తేలికగా మారేదీ అదే. కుందేలు పళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. రోజంతా గడ్డి నమిలితేనే అరుగుతాయి. లేకపోతే వంకరగా పెరిగి నాలుకకో బుగ్గకో గుచ్చుకుంటాయి, ఆకలేసినా తినలేదు. దాని కడుపులోకి వెళ్లేదాంట్లో ఎక్కువ భాగం ఎండుగడ్డే ఉండాలి. క్యారెట్లో తీపి ఎక్కువ, ఎప్పుడైనా చిన్న ముక్క చాలు. బిస్కెట్లు అసలొద్దు. ఈ పాఠమంతా ఆమెకు అప్పజెప్పకండి. ఈసారి వెళ్లేటప్పుడు ఎండుగడ్డి సంచి ఒకటి పట్టుకెళ్లి, పాప చేతికివ్వండి. ‘పళ్లు అరగడానికి దీనికిది కావాలట, పెట్టి చూద్దామా’ అంటే చాలు.

పాప దాన్ని చంకనెత్తుకుని తిరుగుతుంటే మాత్రం ఆ రోజే చెప్పేయండి. కుందేలు వెన్నెముక సున్నితం, విదిలించుకుని కాళ్లు తన్నిందంటే విరిగే ప్రమాదముంది. నేలమీద కూర్చుని ఆడుకోమనండి.

బోను గురించి ఆమె ముందే నొచ్చుకుంది కాబట్టి మాటలకన్నా పని మేలు. కుందేలు పాదాల కింద కుక్కకున్నట్టు మెత్తలుండవు, ఉన్నది బొచ్చే. ఇనుప జాలీ మీద ఎప్పుడూ కూర్చుంటే పుండ్లు పడతాయి. జాలీ మీద ఓ అట్టో, చాపముక్కో పరిచి, తడిసినప్పుడల్లా మార్చమనండి. మీరున్న కాసేపు గది తలుపేసి, కరెంటు వైర్లు అందకుండా పెట్టి, బయటికి వదలమని అడగండి. అది గెంతులేస్తుంటే చూసిన పాప మర్నాడు మళ్లీ వదలమంటుంది, మీరు నోరు విప్పనక్కర్లేదు.

ఒంటరితనం మాట నిజమే, కుందేలుకు తోడు కావాలి. అలాగని ఇంకోదాన్ని కొనిమ్మని సలహా ఇవ్వకండి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించకుండా జతచేస్తే కొట్టుకుంటాయి, లేదా బోను నిండా పిల్లలు. ఆ ఆపరేషన్ గురించి అడిగే వయసు దానికి వచ్చేసింది. ‘ఆర్నెల్లు నిండాయిగా, ఓసారి డాక్టర్‌కు చూపిద్దాం, నేనూ వస్తాను’ అనండి. పళ్లు, పాదాలు, మేత అన్నీ ఆయనే చెబుతాడు. మీరంటే తప్పుపట్టినట్టుండే మాట డాక్టర్ నోట వైద్యమైపోతుంది.

ఏం మాట్లాడినా ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడండి. భర్త ఎదుటా పాప ఎదుటా వద్దు. వీడియోలు పంపడమూ వద్దు, అది కర్రతో పొడిచినట్టే. ఇవన్నీ చేసినా ఏదీ మారకపోతే ఒక్కసారి సూటిగా, ‘దాన్ని చూస్తే నాకు దిగులుగా ఉంది’ అని చెప్పి ఆగండి. ఆమె జవాబిచ్చేదాకా మీరు మాట్లాడొద్దు. కుందేలు 8 నుంచి 12 ఏళ్లు బతుకుతుంది. అంతకాలం మోయడం తనవల్ల కాదని ఆమే అంటే, ‘నేనప్పుడే అనుకున్నా’ అనకుండా, బాగా చూసుకునే ఇల్లు వెతకడానికి సాయం వెళ్లండి.