అప్పీలు కథ రాస్తున్న తమ్మునికి

తమ్ముడూ,

బొడ్రాయి కాడి కొట్లాట మీద నువ్వు పంపిన కథ చదివిన. కొట్లాటను బాగ పట్టుకున్నవు. కథ హైదరాబాద్ చేరినంక పట్టు తప్పింది. హైకోర్టులో సాక్షి మళ్లీ బోనెక్కి ఏడ్చినట్టు రాసినవు. అప్పీల్లో సాక్షులు రారు. అదనపు సాక్ష్యం తీసుకునే అధికారం కోర్టుకు ఉంది గాని, అది అరుదు. అక్కడ వాదనంతా కింది కోర్టు కాగితాల మీదనే.

కాబట్టి ఆ కాగితాలే ముందు తయారు చేసుకో. ఫిర్యాదు, పోలీసులు రాసుకున్న వాంగ్మూలం, కోర్టులో చెప్పిన సాక్ష్యం, డాక్టరిచ్చిన గాయాల సర్టిఫికెట్. నాలుగూ పక్కపక్కన పెట్టి చదువు. గొడ్డలితో తల మీద నరికిండని సాక్షి చెప్పిండు. సర్టిఫికెట్‌లో ఉన్నది మొద్దు దెబ్బకు కమిలిన గాయం. ముద్దాయిల వకీలు అక్కడే పట్టుకుంటడు. గొడ్డలి తిరగేసి కొట్టి ఉండొచ్చని పీపీ, అంటే సర్కారు వకీలు, అంటడు. ఆ మాట సాక్షి నోట రాలేదు, అడగాల్సింది విచారణ జరిగిన నల్లగొండ కోర్టులో, అడగలేదు. నీ కథకు గుండెకాయ ఈ ఒక్క అడగని ప్రశ్న కావచ్చు.

నలుగురు ముద్దాయిల మీదనే 149 సెక్షన్, అంటే గుంపుగ కూడి చేసిన నేరం, పెట్టినవు. గుంపు అనాలంటే కనీసం ఐదుగురు. ఏడుగురిలో ముగ్గుర్ని విడిచిపెడితే? పేరు తెల్వనోళ్లు ఇంకా ఉన్నట్టు సాక్ష్యముంటే 149 నిలుస్తది, లేకుంటే పడిపోతది. అప్పుడు 34 కింద ఉమ్మడి ఉద్దేశం ఉందా అని చూస్తరు. 149 కింద చెయ్యెత్తకున్నా శిక్ష పడుతది, గుంపు ఉద్దేశంలో పాలుంటే చాలు. అందుకే లొల్లి విని బయటికొచ్చి నిలబడ్డ పిల్లగాడు కూడా ఏ-6, అంటే ఆరో ముద్దాయి, అయి కూసుంటడు. ఒట్టిగ చూడొచ్చినోన్ని గుంపులో కలపొద్దనే జాగ్రత్త కోసమే, ఇద్దరు ముగ్గురు సాక్షులు ఒక్క తీరుగ చెప్పిండ్రా అని చూడటం మంచిదని 1964లో మసల్తీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నన్నడిగితే నీ కథ ఏ-1ది కాదు, ఈ ఏ-6ది.

గడువులు సరిచూసుకో. సెషన్స్ జడ్జి శిక్ష వేస్తే హైకోర్టుకు 60 రోజులు. 2024 జూలై 1కి ముందటి చట్టం కింద, అసిస్టెంట్ సెషన్స్ జడ్జి ఏడేండ్లు దాటకుండ వేస్తే అప్పీలు నల్లగొండ సెషన్స్ కోర్టుకే పోయేది, 30 రోజులు. తీర్పు నకలుకు పట్టిన రోజులు లెక్కలోకి రావు. శిక్ష ఆపమనే పిటిషన్ వేరు. అది ఒప్పుకుంటే మనిషి ఇంటికొస్తడు, నేరం మాత్రం నెత్తి మీదనే ఉంటది. కొట్లాట 2024 జూలై 1కి ముందైతే సెక్షన్లు పాత ఐపీసీవే. ఆ తర్వాతదైతే కొత్త భారతీయ న్యాయ సంహితవి: 149 బదులు 190, హత్యాయత్నానికి 307 బదులు 109 రాయి.

ఆఖర్న అందర్నీ నిర్దోషులని విడిపించినవు. చాలా అప్పీళ్లు అంత శుభ్రంగ తేలవు. 307 పోయి, ఆయుధంతో గాయపరిచినందుకు పెట్టే 324 మిగలొచ్చు, జైల్లో గడిపిన రోజులే శిక్ష కావచ్చు. అప్పుడు తలకు కుట్లు పడ్డ మనిషి ఏమంటడు? మూడో పేజీ నుంచి అతను నీ కథలో కనిపించలే. తీర్పు నకలు ఊరికి ఎవరు తెస్తరో, అతనికి దాన్ని ఎవరు చదివి చెప్తరో, ఆ ఘట్టం రాసి పంపు.