గోండి, లంబాడీ భాషల్ల తీసే షార్ట్ ఫిల్ములు బడి పిల్లలకు నిజంగా పనికొస్తయా?

పనికొస్తయి, కానీ ఊకె చూపెట్టి వదిలేస్తే కాదు. మా వరంగల్ దిక్కు తండాల పిల్లలు ఇంట్ల అమ్మను యాడి అంటరు, ఒకటో తరగతిల కూసోంగనే పుస్తకం మొత్తం తెలుగో ఇంగ్లీషో ఉంటది, ఇగ పిల్లగాడు నోరు తెరవడు, సారేమో వీనికి చదువు రాదనుకుంటడు. ఆదిలాబాద్ దిక్కు గోండి పిల్లలది ఇంకో తమాషా, గోండిల ఏర్ అంటే నీళ్లు, మనకేమో ఏరు అంటే పారే వాగు, అంటే సార్ ఏరు గురించి చెప్తుంటే వాడు బిందెల నీళ్లు అనుకోవచ్చు. అదే వాళ్ల భాషల ఐదు నిమిషాల సినిమా, ఒక ముసలమ్మ వాగుల చెలిమె తోడి నీళ్లు ముంచుకునేది చూపెట్టి, మల్ల అదే ముచ్చట తెలుగుల చెప్పిస్తే రెండు మాటలూ పక్కపక్కన కూసుంటయి.

లంబాడీకి సొంత లిపి లేదు, గోండికి గుంజాల అనే లిపి ఉంది, 2018ల యూనికోడ్‌ల (ఫోన్లు, కంప్యూటర్లు అక్షరాలను గుర్తుపట్టే పద్ధతిల) కూడా చేరింది, కానీ చదివేటోళ్లు తక్కువ, అందుకే వినేది చూసేది ముందు పట్టుకోవాలె. రాజ్యాంగంల 350ఎ అధికరణం కూడా భాషా మైనారిటీ పిల్లలకు ప్రైమరీల మాతృభాషల చెప్పే ఏర్పాటు చేయమంటది.

ఒకటే చిక్కు, గోండి అన్ని దిక్కుల ఒక్కతీరుగ ఉండదు, ఛత్తీస్‌గఢ్ బస్తర్ దిక్కు వీడియో తెచ్చి మన ఆదిలాబాద్ ఉట్నూరుల పెడితే పిల్లలకు సగం తెల్వకపోవచ్చు. ఊళ్లోళ్లతోనే ఫోన్ల తీయించుడు నయం.