31 ట్రాకులు, 19 రివర్బ్‌లు: ఏబుల్టన్ లైవ్‌లో ఏ ఎఫెక్ట్ ఎక్కడ పెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఏబుల్టన్ లైవ్‌లో (పాటలు రికార్డ్ చేసి మిక్స్ చేసే సాఫ్ట్‌వేర్) 31 ట్రాకుల పాట, అందులో 19 ట్రాకుల మీద విడివిడిగా రివర్బ్, అంటే గదిలో మోగినట్టు వినిపించే ఎఫెక్ట్. ప్లే నొక్కితే ల్యాప్‌టాప్ పటపటమంటోంది. రెండు రోజులాగి ఫైల్ తెరిస్తే ఏది ఎక్కడుందో మీకే గుర్తు రావట్లేదు. రిటర్న్ (చాలా ట్రాకులు పంచుకునే ఎఫెక్ట్ ట్రాక్), ర్యాక్ (ఎఫెక్ట్‌లని ఒక్కటిగా కట్టే పెట్టె), గ్రూప్ (కొన్ని ట్రాకుల్ని ఒకే ఫేడర్, అంటే వాల్యూమ్ మీట కిందికి తేవడం) వీటిలో ఏది వాడాలని అడిగారు. మూడూ వాడాలి, కానీ ఒక్కోదానికి ఒక్కో పని. నేనూ చాలాకాలం ఇదే గోతిలో ఉండి బయటపడ్డవాణ్ణే.

ఎఫెక్ట్ పెట్టేముందు నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఇది ఎవరిది? పదిమందికీ ఉమ్మడిదైతే రిటర్న్‌లోకి. ఒక్క వాయిద్యం సొంత రంగులో భాగమైతే ఆ ట్రాక్‌లోనే, ర్యాక్‌గా. కలిసి పెరిగి కలిసి తగ్గాల్సిన ట్రాకులుంటే గ్రూప్‌లోకి.

రివర్బ్ దాదాపు ఎప్పుడూ ఉమ్మడి సొత్తే. అందరూ ఒకే గదిలో కూర్చుని వాయిస్తున్నట్టు వినిపించాలంటే 19 గదులు కట్టి లాభమేముంది? కొత్త ఫైల్ తెరవగానే లైవ్ ఎలాగూ ఏ (A) రిటర్న్‌లో రివర్బ్, బీ (B) రిటర్న్‌లో డిలే (సౌండ్‌ని కాసేపాగి మళ్లీ వినిపించే ఎఫెక్ట్) పెట్టి ఇస్తుంది. స్టాండర్డ్, సూట్ ఎడిషన్లలో రిటర్న్‌లు 12 దాకా పెట్టుకోవచ్చు, నాకైతే ఏ పాటకీ మూడు దాటలేదు. రివర్బ్ ముందు ఒక ఈక్యూ (సౌండ్‌లో కింది, పై స్థాయిల్ని విడిగా పెంచి తగ్గించేది) పెట్టి 250 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేయండి. బురద సగం అక్కడే పోతుంది.

నేను చేసిన మొదటి తప్పు ఈ రిటర్న్‌లోనే. ఓ భజన బృందం పాట మిక్స్ చేస్తున్నప్పుడు ట్రాక్ మీదున్న రివర్బ్‌ని అలాగే తీసుకెళ్లి రిటర్న్‌లో పడేశాను. డ్రై/వెట్ (అసలు సౌండ్, ఎఫెక్ట్ ఏ పాళ్లలో కలవాలో చెప్పే నాబ్) 30 శాతం దగ్గరే ఉండిపోయింది. సెండ్ (ట్రాక్ నుంచి రిటర్న్‌కి ఎంత పంపాలో చెప్పే నాబ్) తిప్పినకొద్దీ గొంతు నిండుగా, దగ్గరగా వస్తోంది. ఆహా, రివర్బ్ అంటే ఇదీ అని మురిసిపోయాను. మర్నాడు పొద్దున వింటే గొంతు మిగతావాళ్లందరి మీదా ఎక్కి కూర్చుంది. ఎందుకంటే రిటర్న్‌లోంచి రివర్బ్‌తో పాటు అసలు గొంతు కూడా ఇంకోసారి వస్తోంది. నేను విన్నది రివర్బ్ కాదు, వాల్యూమ్. రిటర్న్‌లో పెట్టిన రివర్బ్, డిలే ఏదైనా సరే డ్రై/వెట్ 100 శాతం ఉండాలి. ఎంత కావాలన్నది సెండ్ నాబ్ చూసుకుంటుంది.

ఇక ర్యాక్. దీన్ని డప్పు ఉదాహరణతో చెబితే తేలిక. డప్పుని మంట దగ్గర కాచి వాయిస్తారు కదా, కాసేపటికి చర్మం సడలి సౌండ్ కిందికి దిగుతుంది. ఆరు టేకులు తీస్తే మొదటిదీ ఆరోదీ ఒకేలా ఉండవు. అందుకే టేకుల మధ్య తేడా సరిచేసే ఈక్యూ గ్రూప్ మీద కాదు, ఆయా ట్రాకుల మీదే పెడతాను. ఆ తర్వాత డప్పు ట్రాకులన్నిటికీ కలిపి గ్రూప్ చేసి, దాని మీద ఒక ఆడియో ఎఫెక్ట్ ర్యాక్. డివైస్‌ని, అంటే ఎఫెక్ట్‌ని, సెలెక్ట్ చేసి కంట్రోల్ జీ కొడితే ర్యాక్ అవుతుంది, మ్యాక్‌లో కమాండ్ జీ. చెయిన్ (ర్యాక్ లోపల సౌండ్ పోయే ఒక్కో దారి) లిస్ట్ తెరిచి రైట్ క్లిక్‌తో ఇంకో రెండు చెయిన్లు చేరుస్తాను. ఒకటి ఖాళీ, అంటే డప్పు ఉన్నది ఉన్నట్టు. రెండోదాంట్లో గట్టిగా పిండే కంప్రెసర్ (పెద్ద సౌండ్‌ని అణిచేది). మూడోదాంట్లో శాచురేటర్, కాస్త కరకర కోసం. మూడింటికీ ఒకే సౌండ్ వెళ్తుంది, బయటికొచ్చేటప్పుడు కలుస్తుంది. కలుస్తుంది కాబట్టే జాగ్రత్త: ఒకేలాంటి ఖాళీ చెయిన్లు రెండుంటే 6 డీబీ (డెసిబెల్స్) పెరిగిపోతుంది. కొత్త చెయిన్ చేర్చగానే దాని వాల్యూమ్ బాగా దించి, వింటూ మెల్లగా పైకి తేవాలి.

తర్వాత మ్యాప్ నొక్కి కరకర చెయిన్ వాల్యూమ్‌ని ఒక మ్యాక్రోకి (ర్యాక్ ముందుండే నాబ్) తగిలించాను. అక్కడే కనిపించే లిస్ట్‌లో మ్యాక్సిమమ్‌ని మైనస్ 8 డీబీ దగ్గర కట్టేశాను. ఇప్పుడు నాబ్ మొత్తం తిప్పినా చెవులు చిల్లులు పడవు. లైవ్ 11 నుంచి ర్యాక్‌కి 16 మ్యాక్రోల దాకా వస్తాయి, అంతకుముందు 8. నాలుగు దాటితే మాత్రం ఏం కావాలో నాకింకా తెలియట్లేదనే లెక్క. పేర్లు తప్పకుండా మార్చండి. "మ్యాక్రో 3" అని వదిలేస్తే ఆర్నెల్ల తర్వాత అది ఏం చేస్తుందో దేవుడికే ఎరుక. నేను నాబ్‌కి "దరువు" అని పెట్టుకున్నా, ఇంగ్లీష్ అక్షరాల్లోనే. ర్యాక్ మీదున్న సేవ్ గుర్తు నొక్కితే తర్వాతి పాటకి కూడా పనికొస్తుంది.

గ్రూప్ దగ్గర ఒక చిక్కుంది. కోరస్ ఎనిమిది ట్రాకులు గ్రూప్ చేశాను, ఒక్కో ట్రాక్ నుంచి రివర్బ్‌కి సెండ్ ఇచ్చాను. చివర్లో గ్రూప్ ఫేడర్ మెల్లగా దించితే కోరస్ పోయింది, దాని రివర్బ్ మాత్రం దయ్యంలా అక్కడే ఉండిపోయింది. ఓ గంట సేపు ప్లగిన్‌ని తిట్టుకున్నాను. పాపం దాని తప్పేం లేదు. సెండ్ అనేది ట్రాక్ సొంత ఫేడర్ తర్వాత చీలి నేరుగా రిటర్న్‌కి పోతుంది, గ్రూప్ ఫేడర్ దాని దారిలోనే లేదు. లోపలి ట్రాకుల సెండ్‌లు సున్నా చేసి, గ్రూప్‌కి ఉన్న సెండ్ నుంచే పంపితే రెండూ కలిసి దిగుతాయి.

డిలే విషయానికొస్తే, పాడుతున్నప్పుడే మోగితే సాహిత్యం అర్థం కాదు. బీ రిటర్న్‌లో డిలే తర్వాత ఒక కంప్రెసర్ పెట్టి, సైడ్‌చెయిన్ (వేరే ట్రాక్ సౌండ్‌ని బట్టి అణిచే ఏర్పాటు) ఆన్ చేసి, ఆడియో ఫ్రమ్‌లో లీడ్ గొంతు ట్రాక్ ఎంచుకోండి. గొంతు ఉన్నంతసేపు డిలే తగ్గి ఉంటుంది, ఊపిరి తీసుకునే సందులో పైకి లేస్తుంది. ఆ డిలేని మళ్లీ రివర్బ్‌లోకి పంపాలంటే బీ రిటర్న్ మీదున్న ఏ (A) సెండ్‌ని రైట్ క్లిక్ చేసి ఎనేబుల్ చేయాలి. మామూలుగా అది ఆపేసి ఉంటుంది, కారణం ఉంది: రిటర్న్‌ని తిప్పి తిప్పి తనలోకే పంపుకుంటే సౌండ్ ఆగకుండా పెరిగిపోతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఈ ప్రయోగం చేయకండి.

దారి ఎటు పోతోందో తలకెక్కకపోతే ఒక్కసారి రీజన్ సాఫ్ట్‌వేర్ చూడండి. అందులో ట్యాబ్ నొక్కితే ర్యాక్ వెనక్కి తిరిగి వైర్లన్నీ వేలాడుతూ కనిపిస్తాయి. ఒక వైరు పీకి ఇంకోచోట గుచ్చాకే నాకు సెండ్ అంటే ఏంటో నిజంగా బోధపడింది.

మీ పాటలో ఆ 19 రివర్బ్‌లూ ఒకేసారి డిలీట్ చేయొద్దు. ఫైల్‌ని వేరే పేరుతో సేవ్ చేసుకుని, ముందు లీడ్ గొంతుది ఆపి ఏ (A) సెండ్ తిప్పి చూడండి, తర్వాత కోరస్, తర్వాత మిగతావి. ఎక్కడైనా రివర్బే ఆ వాయిద్యం రంగు అనిపిస్తే దాన్ని అక్కడే ఉంచేయండి. మీ లెక్కలో అలాంటివి రెండో మూడో తేలతాయని నా అంచనా.