మీ ప్రశ్నలు – మా జవాబులు: చేతికుట్టు ఎలుగుబంటి బొమ్మలు

ప్రశ్న: పన్నెండేళ్లుగా ఇంట్లోనే జాకెట్లు, చుడీదార్లు కుడుతున్నాను. రెండేళ్ల క్రితం మా అమ్మాయి కోసం కాళ్లూ చేతులూ తిరిగే టెడ్డీ బొమ్మ ఒకటి కుట్టాను. చూసినవారు అడిగి చేయించుకోవడంతో ఇప్పటికి నలభై దాకా కుట్టాను. ఒక్కోదానికి రెండు రోజులు పడుతుంది. ఐదు వందలు చెబితే, ‘పాతూరు అంగళ్లలో ఇంతకంటే పెద్దది మూడు వందలకే వస్తుంది కదా’ అంటున్నారు. దీన్ని వ్యాపారంగా చేయవచ్చా? ధర ఎలా కట్టాలి? మోహెయిర్ గుడ్డతో చేస్తేనే విలువ ఉంటుందంటారు, నిజమేనా? నేను చేసిన బొమ్మ ఫోటో జతచేశాను.
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ధర సంగతికి ముందు మీరు తేల్చుకోవలసింది ఒకటి ఉంది. మీరు కుడుతున్నది పిల్లలు ఆడుకునే బొమ్మా, పెద్దవారు కొని అద్దాల బీరువాలో దాచుకునే కళావస్తువా? అంగడిలో మూడు వందలకు దొరికే టెడ్డీ కర్మాగారంలో వేల సంఖ్యలో తయారవుతుంది కనుక, దానితో పోటీకి దిగితే మీ కష్టానికి కూలి కూడా గిట్టదు. విదేశాల్లో ‘ఆర్టిస్ట్ బేర్’ అని పిలిచే బొమ్మ వేరు. నమూనా కాగితం గీయడం మొదలుకొని ముక్కు మీది చివరి కుట్టు దాకా అది ఒక్కరి చేతి మీదుగానే నడుస్తుంది. ఒక నమూనాలో ఒకటే చేయడమో, లెక్కపెట్టి పదో ఇరవయ్యో చేసి ఆ నమూనాను పక్కన పెట్టేయడమో అక్కడి పద్ధతి. మీరు ఈ రెండో దారి పట్టదలచుకుంటే ఐదు వందలన్నది ఎక్కువ కాదు, మరీ తక్కువ.

ఉదాహరణకు, గుడ్డ, కళ్లు, కాళ్లూ చేతులూ తిరిగేందుకు వేసే జాయింట్లు, దూది కలిపి 1,200 రూపాయలు అయ్యాయనుకోండి. పద్దెనిమిది గంటల పనికి గంటకు 100 చొప్పున 1,800, అట్టపెట్టెకు 150, చెడిపోయే ముక్కలకూ కరెంటుకూ పదో వంతు వేసుకుంటే దాదాపు 3,500 రూపాయలు అవుతుంది. జాకెట్టు కుట్టుకూలి చెప్పేటప్పుడు మొహమాటపడని దర్జీలు బొమ్మ దగ్గరికి వచ్చేసరికి తమ గంటలను లెక్కలోకి తీసుకోకపోవడం నేను చాలాసార్లు చూశాను. ఆ ధరకు కొనేవారు మీ వీధిలో దొరకకపోవచ్చు. మంచి ఫోటోలు తీసి, సేకరించే అలవాటున్నవారి దగ్గరికి మీరే చేరాలి.

మోహెయిర్ అంటే అంగోరా మేక బొచ్చుతో నేసిన గుడ్డ. ఆ మేకకు టర్కీలోని అంకారా నగరం మీదుగా పేరు వచ్చింది. ఇప్పుడు ఆ బొచ్చు ఎక్కువగా దక్షిణాఫ్రికా నుంచి వస్తుంది. నిగనిగలాడుతూ ఏళ్ల తరబడి నిలిచే మాట నిజమే కానీ, చేయి తిరగకముందే అంత ఖరీదైన గుడ్డ మీద కత్తెర పెట్టకండి. ఏ బొచ్చు గుడ్డకైనా పని ఒకటే: వెనకవైపు గీసుకుని, బొచ్చు వాలు ఎటుందో ప్రతి ముక్క మీదా బాణం గుర్తు వేసి, కత్తెర మొనతో వెనకనున్న నేతను మాత్రమే కత్తిరించాలి. బొచ్చు తెగిందా, కుట్టు దగ్గర బోడి గీత పడుతుంది.

మీ ఫోటోలోని బొమ్మ పనితనంలో వంక పెట్టలేను. దాని ముఖం మాత్రం ఎక్కడో చూసినట్టే ఉంది, నా దృష్టిలో అదే దాని లోపం. 1902 నవంబరులో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ మిసిసిపీలో వేటకు వెళ్లి, చెట్టుకు కట్టేసిన ఎలుగుబంటిని కాల్చనన్నాడు. ఆ సంగతి మీద వచ్చిన కార్టూన్ చూసి బ్రూక్లిన్‌లో ఒక దుకాణదారు, రూజ్‌వెల్ట్ ముద్దుపేరు ‘టెడ్డీ’ కనుక, ‘టెడ్డీస్ బేర్’ అని బొమ్మ చేసి అమ్మాడు. అదే కాలంలో జర్మనీలో స్టైఫ్ సంస్థ కీళ్లు కదిలే ఎలుగుబంటిని తయారుచేసింది. పోలియోతో చక్రాల కుర్చీకే పరిమితమైన మార్గరేట స్టైఫ్ ఆ సంస్థను మొదలుపెట్టింది మీలా కుట్టుపనితోనే. 1880లో ఆమె చేసిన ఏనుగు బొమ్మ అసలు గుండుసూదులు గుచ్చుకునేందుకు ఉద్దేశించినది. ఆ అమెరికావారూ, జర్మనీవారూ తమకు తెలిసిన ఎలుగుబంటిని చేశారు. కళ్యాణదుర్గం వైపు గుట్టల్లో తిరిగే మన ఎలుగుబంటికి చింపిరి నల్లబొచ్చు, రొమ్ము మీద తెల్లని గీత, పొడుగాటి పాలిపోయిన మూతి, కొడవళ్లలాంటి గోళ్లు ఉంటాయి. బంగారు రంగు గుడ్డ, ఎర్ర రిబ్బను మాని దాన్ని కుట్టి చూడండి. మీ జిల్లాలో నేసే నల్లగొర్రె కంబళి ముక్క పాదాల అడుగున వేస్తే ఎంత అందంగా ఉంటుందో!

చట్టం సంగతి ఒకటి మరువకండి. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లల ఆటవస్తువులకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు తాము చేసి అమ్మే బొమ్మలకు మినహాయింపు ఉంది. ‘ఇది పిల్లలకు కాదు’ అని చీటీ అంటించినా, రూపం చూసి పిల్లల బొమ్మే అనుకునే అవకాశం ఉంటుంది కనుక, ఆ కమిషనర్ వద్ద కళాకారిణిగా నమోదయ్యాకే అమ్మకం పెంచండి.

ప్రశ్న: నేను చేసే బొమ్మల తల మూడు నెలలకే వదులై ఒరిగిపోతోంది. బరువు కోసం పొట్టలో ఏం నింపాలి?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: తల తిరిగేందుకు మెడ జాయింటులో అట్టముక్కతో చేసిన బిళ్లలు వాడుతున్నారేమో చూసుకోండి. అవి వంగిపోయి పట్టు వదిలేస్తాయి. హార్డ్‌బోర్డు బిళ్లలు వేసి, మధ్యలో బోల్టు, వాషర్లు, నైలాన్ లాక్ నట్ (సులువుగా వదులుకాని నట్టు) బిగించండి. వాడుకలో జాయింటు ఎలాగూ వదులవుతుంది కనుక, తల తిప్పడం కష్టంగా ఉన్నంత బిగువు మొదట్లోనే ఉండాలి. బోల్టు దూర్చడానికి గుడ్డను కత్తిరించకుండా, చెప్పులు కుట్టేవారి ఆరెతో పోగులను పక్కకు జరపండి. మెడ దగ్గర దూది గట్టిగా కూరకపోయినా తల ఒరుగుతుంది.

ఇక బరువుకు నేను మొదటి బొమ్మలో కొర్రలు పోశాను. వానాకాలం రాగానే పురుగు పట్టి, పొట్ట కుట్టు విప్పి అంతా పారబోయవలసి వచ్చింది. గింజధాన్యాలు వద్దు. తుప్పు పట్టని ఉక్కు గుళ్లు గానీ, సన్నని గాజు పూసలు గానీ గట్టి గుడ్డసంచిలో పోసి కుట్టి, దాన్ని దూది మధ్య పెట్టండి.

ప్రశ్న: ఎనిమిది నెలల మనవడికి గాజు కళ్లున్న చేతికుట్టు టెడ్డీ బహుమతిగా వచ్చింది. ఆడుకోవడానికి ఇవ్వవచ్చా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: ఇవ్వకండి. గాజు కన్ను పగలవచ్చు, ఊడి నోట్లోకి పోవచ్చు. లోపల తీగ, బోల్టు ఉంటాయి. బొమ్మను అలమరలో ఉంచి, బాబుకు జాయింట్లు లేకుండా, కళ్లూ ముక్కూ దారంతోనే కుట్టిన మెత్తటి గుడ్డబొమ్మ ఒకటి చేయించండి. నోట్లో పెట్టుకునే వయసు కదా, లోపల బూరుగుదూదికి బదులు పాలిస్టర్ దూది నింపమనండి, ఉతికినా త్వరగా ఆరుతుంది.