పెరటి ముచ్చట్లు: గొయ్యి పూడ్చండి, బకెట్ పెట్టండి

ప్రశ్న: పిన్నిగారూ, మాది అమలాపురం పక్కన పల్లెటూరు. వంటింటి చెత్తతో ఎరువు చేద్దామని పెరట్లో గొయ్యి తీయించాను. నాలుగు వానలు పడేసరికి నీళ్లు నిలిచి, నల్లగా మురిగి, పక్కింటివాళ్లు కిటికీలు మూసుకుంటున్నారు. పురుగులు కూడా పట్టాయి. "మా రోజుల్లో పెంటపోగు ఇలా కంపు కొట్టేది కాదు" అని మా అత్తగారు ఒకటే దెప్పడం. మానేయమంటారా?
– ఓ గృహిణి

జవాబు: మానకండి. గొయ్యి మాత్రం పూడ్చేయండి. మన డెల్టాలో వానాకాలం కాస్త లోతుగా తవ్వితే చాలు, నీళ్లు ఊరతాయి. ఆ నీళ్లలో చెత్తకి గాలి ఆడదు. గాలి ఆడకపోతే అది మాగదు, మురుగుతుంది. కంపు అందుకే. ఇండోర్‌లో ఆల్బర్ట్ హోవార్డ్ అనే ఇంగ్లీషాయన 1924 నుంచి 1931 దాకా పనిచేసి కంపోస్టుకి ఓ పద్ధతి తయారుచేశాడు. అందులోనూ వానలప్పుడు గుంట వద్దు, నేలమీద పోగు వేయమనే ఉంది. మీ అత్తగారి పెంటపోగు కూడా నేలమీదే ఉండేదని గమనించండి. పైగా అందులో పేడతోపాటు పశువులు తొక్కి వదిలేసిన ఎండుగడ్డి బోలెడు కలిసేది. ఆవిడ మాటలో అసలు కిటుకు ఉందండీ, దెప్పారని కొట్టిపారేయకండి.

పాత పెయింటు బకెట్ ఒకటి, ఇరవై లీటర్లది తీసుకుని శుభ్రంగా కడగండి. మేకు కాల్చి చుట్టూ, అడుగునా బెజ్జాలు పెట్టండి. చూరు కింద, జల్లు కొట్టని చోట రెండు ఇటుకల మీద నిలబెట్టండి. అడుగున నాలుగు వేళ్ల మందం కొబ్బరి పీచు పరవండి. ఆపైన రోజూ వంటింటి చెత్త, దానిమీద ఎండు చెత్త. ఎండు చెత్తలో కర్బనం ఎక్కువ, పచ్చిదాంట్లో నత్రజని ఎక్కువ. పుస్తకాల్లో ఆ రెండూ 30కి 1 పాళ్లలో ఉండాలంటారు. రోజూ తూకం వేస్తూ ఎవరు కూర్చుంటారు? ఒక చేట పచ్చి చెత్తకి రెండు చేటల ఎండు చెత్త వేయండి. మాకు కందా బచ్చలి వండిన రోజు కంద చెక్కు, బచ్చలి కాడలు చాలా పోగవుతాయి, ఆ రోజు ఎండుటాకులు ఇంకో చేట పడతాయి.

ఎండు చెత్తకి మనకు లోటేముంది? పీచు మిల్లు దగ్గర కొబ్బరి పొట్టు గుట్టలు పడి ఉంటుంది. తన బరువుకి ఎన్నో రెట్ల నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి మన వాతావరణానికి అంతకంటే మంచిది లేదు. తను మాత్రం నిదానంగా మాగుతుంది, అందుకని ఎండుటాకులు, తరిగిన వరిగడ్డి కూడా కలపండి. ఊక గుప్పెడు మించొద్దు, అది ఓ పట్టాన కుళ్లదు. పచ్చి అరటి బోదె అయితే అసలే వద్దు, అంతా నీళ్లే.

వారానికోసారి కర్రతో అడుగుదాకా తిరగేయండి. తిరగేశాక గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లో చెమ్మ మెరిసి, ఒకటో రెండో బొట్లు రాలితే సరిగ్గా ఉన్నట్టు. ధార కారితే పొట్టు కలపాలి, పొడిపొడిగా రాలిపోతే నీళ్లు చిలకరించాలి. మొదట్లో కాస్త పేడనీళ్లో పుల్లమజ్జిగో పోస్తే మంచిదే, లేకపోయినా ఫరవాలేదు. మార్కెట్లో అమ్మే పొడులకు డబ్బు తగలేయకండి.

పురుగులంటారా, లావుగా, చదునుగా, బూడిదరంగులో ఉంటే అవి బ్లాక్ సోల్జర్ అనే ఈగ పిల్లలు. చెత్తని చకచకా తినేస్తాయి, మనకే మేలు. సన్నగా తెల్లగా ఉంటే మామూలు ఈగలవి. ఏవైనా సరే, పైన ఎండు చెత్త మందంగా కప్పితే తగ్గిపోతాయి.

బకెట్ నిండాక రెండోది మొదలుపెట్టి, మొదటిదాన్ని రెండు మూడు నెలలు మాగనివ్వండి. తొలకరి మట్టి వాసన వస్తే జల్లించి వాడుకోవచ్చు.

ప్రశ్న: రొయ్యల తొక్కలు, చేపల పొలుసులు వేయొచ్చా?
– నరసాపురం పాఠకుడు

జవాబు: బకెట్లో వద్దండీ, పిల్లులు, పందికొక్కులు వదలవు. గట్టుమీది కొబ్బరిచెట్టుకి కాస్త ఎడంగా మూరెడు లోతున పూడ్చండి. ఉప్పుచేప, ఊరగాయ అడుగుపిండి ఎక్కడా వేయకండి. మొక్కలకి ఉప్పు పడదు.

ప్రశ్న: మా కంపోస్టులో టమాటా, బొప్పాయి మొలకలు వస్తున్నాయి. ఏమైనా తేడా చేసిందా?
– రావులపాలెం నుంచి ఒకరు

జవాబు: ఏమీ కాలేదు, టెన్షన్ పడకండి. పెద్ద పోగయితే లోపల 60 డిగ్రీల దాకా వేడెక్కి గింజలు చచ్చిపోతాయి. బకెట్ అంత వేడెక్కదు. మొలకల్ని పీకి నాటుకోండి. బొప్పాయి మాత్రం ఒక్కటే కాకుండా నాలుగైదు పెట్టండి, మగచెట్టో కాదో పూతకొచ్చేదాకా తెలియదు.